పంతులుగారు తలకిందులు చేసిన లోకం

ఒక దేశం ఉంది. అక్కడ రాజ్యం ఏలేది స్త్రీలు. చదువులు, కొలువులు, అధికారాలు అన్నీ వాళ్ళవే. మగవాళ్ళు ఇంటిపట్టున ఉండాలి. వాళ్ళకి చదువు అక్కర్లేదు. భార్య మాట జవదాటకపోవడమే మగవాడికి పరమధర్మం. మన పురాణాల్లో పాతివ్రత్యం ఎలాగో అక్కడ పత్నీవ్రతం అలాగ! ఎదురు ప్రశ్న వేసిన మగవాడి నోరు మూయించడానికి శాస్త్రాలు కూడా సిద్ధంగా ఉంటాయి.

ఇదేదో ఈమధ్య వచ్చిన సినిమా కథ అనుకునేరు! నూట ముప్ఫయ్ ఏళ్ళ కిందటే, రాజమండ్రిలో, తెలుగులో వచ్చిన నవల ఇది. పేరు సత్యరాజా పూర్వదేశ యాత్రలు. రాసినది కందుకూరి వీరేశలింగం పంతులుగారు. వితంతు వివాహాలు చేయించిన మహానుభావుడిగా ఆయన మనందరికీ తెలుసు. తలపాగా, కోటుతో పాఠ్యపుస్తకాల్లో కనిపించే ఆ గంభీరమైన మనిషిలో ఇంత కొంటె ఊహ దాగి ఉందని మాత్రం చాలామందికి తెలియదు. అందుకే ఈ వారం ఆయన జీవితాన్ని ఈ నవల వైపు నుంచి చెప్పుకుందాం.

తండ్రి లేని పిల్లవాడు

వీరేశలింగంగారు 1848 ఏప్రిల్ 16న రాజమండ్రిలో పుట్టారు. తల్లి పున్నమ్మ, తండ్రి సుబ్బారాయుడు. నాలుగేళ్ళ వయసులోనే తండ్రి పోయారు. పెదతండ్రి వెంకటరత్నంగారు చేరదీసి పెంచారు. భర్త పోయిన స్త్రీకి ఆ ఇంట్లో, ఆ వీధిలో ఏ చోటు మిగులుతుందో ఆ పిల్లవాడు కన్నతల్లిలోనే చూశాడు. పుస్తకాల్లో చదివి తెలుసుకోవాల్సిన అవసరం ఆయనకి రాలేదనిపిస్తుంది నాకు.

ఆనాటి ఆచారం ప్రకారం 1861లో, పదమూడేళ్ళకే ఆయన పెళ్ళయింది. పెళ్ళికూతురు రాజమండ్రి పక్కనే ఉన్న కాతేరు పిల్ల. పుట్టింట్లో ఆమె పేరు బాపమ్మ. అత్తగారింట్లో రాజ్యలక్ష్మిగా మారింది. ఆ రోజుల్లో ఆడపిల్లకి ఇంటిపేరే కాదు, ఒక్కోసారి సొంత పేరు కూడా దక్కేది కాదు. ఈ రాజ్యలక్ష్మమ్మగారిని గుర్తు పెట్టుకోండి. కథలో ఆమె పాత్ర చాలా ఉంది.

చదువు ముగిశాక పంతులుగారు కోరంగిలోనూ, తర్వాత ధవళేశ్వరంలోనూ ఉపాధ్యాయుడిగా పనిచేశారు. ధవళేశ్వరంలోనే 1874లో బాలికల కోసం పాఠశాల పెట్టారు. ఆడపిల్లకి అక్షరం వస్తే కాపురం నిలవదని పండితులే గట్టిగా వాదిస్తున్న కాలం అది. అదే ఏడాది వివేకవర్ధని అనే పత్రికనూ మొదలుపెట్టారు. లంచాలు తినే అధికారుల గుట్టు, మూఢాచారాల గుట్టు రెండూ అందులో రచ్చకెక్కేవి.

నవ్వు ఆయుధం

పంతులుగారికి ఒక సంగతి తొందరగానే బోధపడింది. ధర్మపన్నాలు చెబితే జనం వింటారు, తల ఊపుతారు, ఇంటికి పోయి మరిచిపోతారు. నవ్విస్తే మాత్రం మరిచిపోలేరు. స్త్రీవిద్య మీద కొక్కొండ వెంకటరత్నం పంతులుగారితో ఆయనకి పెద్ద పత్రికా యుద్ధమే నడిచింది. కొక్కొండవారు హాస్యవర్ధని పెడితే, వీరేశలింగంగారు హాస్యసంజీవనితో జవాబిచ్చారు. పండితులిద్దరూ ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ ఉంటే చదివేవాళ్ళకి పండగే!

ఆ నవ్వులోనుంచే ప్రహసనాలు వచ్చాయి. కాటికి కాళ్ళు చాచిన ముసలివాడు పసిపిల్లని కట్టుకునే ఘోరం మీద బ్రహ్మవివాహం రాశారు. జనం దాన్ని పెద్దయ్యగారి పెళ్ళి అని పిలుచుకున్నారు. కోర్టుల్లో జరిగే మోసాల మీద వ్యవహార ధర్మబోధిని వచ్చింది. తర్వాత, గోల్డ్‌స్మిత్ ఆంగ్ల నవల ప్రేరణతో రాజశేఖర చరిత్రము రాసి, తెలుగు నవలకి దారి వేసినవాళ్ళలో ముందువరసలో నిలిచారు. 1880లో పుస్తకంగా వచ్చిన ఈ నవల ఏడేళ్ళకే ఇంగ్లీషులోకి అనువాదమై వెళ్ళింది.

1881 డిసెంబర్ 11

అయితే నవ్వించి ఊరుకుంటే ఆయన్ని ఈనాడు ఎవరూ తలుచుకునేవాళ్ళు కాదేమో. వితంతువులు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని ప్రభుత్వం 1856లోనే చట్టం చేసింది. కానీ చట్టం కాగితం మీదే ఉండిపోయింది. 1879 నుంచి పంతులుగారు ఈ విషయం మీద బహిరంగ ఉపన్యాసాలు మొదలుపెట్టారు. శాస్త్రాలతోనే శాస్త్రులకి సమాధానం చెప్పారు. చివరికి 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో తన ఇంట్లోనే గోగులపాటి శ్రీరాములుకీ, వితంతువైన గౌరమ్మకీ పెళ్ళి జరిపించారు. తెలుగుదేశంలో ఆయన జరిపించిన మొదటి వితంతు వివాహం ఇదే. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు డబ్బుతో ఆదుకున్నారు. విద్యార్థులు అండగా నిలబడ్డారు.

పెళ్ళయిన మర్నాటి నుంచి అసలు కష్టాలు మొదలయ్యాయి. సాంఘిక బహిష్కారం! పురోహితుడు రాడు. వంటమనిషి రాదు. నీళ్ళు మోసేవాళ్ళు రారు. చుట్టాలు గుమ్మం తొక్కరు. ఉపన్యాసం ఇచ్చినది భర్త. పత్రికలో రాసినది భర్త. మరి ఇంట్లో పెళ్ళివారికి వండి వార్చినది ఎవరు? రాజ్యలక్ష్మమ్మగారే. గోదావరికి వెళ్ళి బిందెలతో నీళ్ళు మోసుకొచ్చినదీ ఆవిడే. ఫ్లోరైడ్ నీళ్ళ ఊళ్ళలో మంచినీళ్ళ బిందె కోసం మైళ్ళు నడిచిన మా నల్గొండ ఆడవాళ్ళకి ఆ బరువు ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

అంతేకాదు. పెళ్ళి చేసుకోవడానికి ధైర్యం చేసి వచ్చిన వితంతువులు ఎక్కడ ఉండాలి? పంతులుగారి ఇంట్లోనే. వాళ్ళని కడుపులో పెట్టుకుని చూసినది ఆ తల్లే. ఆ దంపతులకి సొంత పిల్లలు లేరు. కానీ ఆ ఇంట్లో పుట్టింటి చల్లదనం చూసిన ఆడపిల్లలు ఎందరో! మొత్తం మీద దాదాపు 40 వితంతు వివాహాలు ఆ దంపతుల చేతుల మీదుగా జరిగాయి. సంస్కర్త అనే మాటని ఏకవచనంలో వాడినప్పుడల్లా నాకు ఆ గోదావరి బిందె గుర్తొస్తుంది.

ఆడుమళయాళం కథ

మొదటి పెళ్ళి జరిగి పదేళ్ళయింది. పంతులుగారు తిట్లు తిన్నారు, వ్యాజ్యాలు నడిపారు, స్నేహితులు కొందరు మధ్యలోనే జారుకోవడం చూశారు. వాదనలన్నీ అయిపోయాయి. ఇక మిగిలిన దారి ఒక్కటే. మగవాణ్ణి ఆడదాని చోట నిలబెట్టి చూపించడం!

చింతామణి పత్రికలో వచ్చిన సత్యరాజా పూర్వదేశ యాత్రలు ఆ పనే చేసింది. 1726లో జోనథన్ స్విఫ్ట్ రాసిన గలివర్ యాత్రలు దీనికి ప్రేరణ. అయితే ఇది అనువాదం కాదు, పోలిక యాత్ర వరకే. సత్యరాజు అనే తెలుగు బ్రాహ్మణుడు దేశసంచారం చేస్తూ ఎన్నడూ వినని చోట్లకి చేరుకుంటాడు. 1891లో వచ్చిన మొదటి భాగం ఆడుమళయాళం. ఇందాక చెప్పుకున్న స్త్రీరాజ్యం అదే. 1894లో వచ్చిన రెండో భాగం లంకాద్వీపం. అక్కడి మనుషులు కొండంత ఆకారాలు. వాళ్ళ మధ్య మన సత్యరాజు చీమలాంటివాడు. మన మూఢనమ్మకాలు, గొప్పలు వాళ్ళలో పెద్దవై కనిపిస్తాయి. భూతద్దంలో చూసినట్టన్నమాట.

మొదటి భాగంలో గమ్మత్తు ఏమిటంటే, పంతులుగారు ఒక్క కొత్త అన్యాయాన్ని కూడా సొంతంగా కల్పించనక్కర్లేకపోయింది. మన దగ్గర ఆడవాళ్ళకి ఉన్న నియమాలనే తీసుకుని మగవాళ్ళకి అంటగట్టారు, అంతే. ఆడది వంటింటికి పుట్టింది అన్నప్పుడు మనకి తప్పుగా తోచదు. మగవాడు వంటింటికే పుట్టాడని శాస్త్రం చెబుతోంది అంటే పగలబడి నవ్వుతాం. ఆ నవ్వు సగంలో ఆగిపోతుంది చూడండి, అక్కడ ఉంది రచయిత గొప్పతనం.

నేను డిగ్రీ పిల్లలకి తెలుగు పాఠాలు చెప్పిన రోజుల్లో ఒకసారి ఈ కథని క్లాసులో చెప్పాను. మగపిల్లలు బల్లలు చరిచి నవ్వారు. ఈ నియమాల్లో ఏవైనా మీ ఇళ్ళలో అక్కచెల్లెళ్ళకి ఉన్నాయేమో రాసుకు రమ్మన్నాను. మర్నాడు ఎవరూ నవ్వలేదు. తమ్ముణ్ణి హైదరాబాదులో పెద్ద ఫీజు కట్టి చదివిస్తూ తనని మాత్రం ఊళ్ళో కాలేజీతో సరిపెట్టారని ఒక అమ్మాయి రాసింది. అక్క సెల్‌ఫోన్ రోజూ తానే తనిఖీ చేస్తానని ఒక అబ్బాయి నిజాయితీగా ఒప్పుకున్నాడు. ఏనాటి పుస్తకం, ఏనాటి పిల్లలు!

సుల్తానా కన్నా ముందే

ఇలా ఒక ఊహాలోకాన్ని కట్టి, మన లోకాన్ని వెక్కిరించే కథలకి ఈ రోజుల్లో మంచి గిరాకీ ఉంది. మనుషులు రెండుగా చీలిపోయిన రేపటి సమాజం గురించి ఇంగ్లీషులో నవలలు, సీరియళ్ళు వస్తున్నాయి. వీటిని సైన్స్ ఫిక్షన్ అంటున్నారు. పంతులుగారి నవలలో యంత్రాలు లేవు, రాకెట్లు లేవు. కానీ ఇలా అయితే ఎలా ఉంటుంది అనే ప్రశ్న వేసి, ఒక లోకం మొత్తాన్ని ఆ ఒక్క ప్రశ్న మీద నిలబెట్టే పద్ధతి మాత్రం అదే.

బెంగాల్‌లో బేగం రుకియా ఇలాంటి కథే రాశారు. పేరు సుల్తానాస్ డ్రీమ్. అందులో ఆడవాళ్ళు సూర్యరశ్మితో వంట చేస్తారు, గాలిలో ఎగిరే బండ్లలో తిరుగుతారు. మగవాళ్ళు మాత్రం పరదాలో ఉంటారు! ప్రపంచమంతా మెచ్చుకునే ఈ కథ 1905లో మద్రాసు నుంచి వెలువడే ఇండియన్ లేడీస్ మ్యాగజైన్‌లో అచ్చయింది. ఆ పత్రిక సంపాదకురాలు కమలా సత్యనాథన్ తెలుగింటి ఆడపడుచే. అమెరికాలో షార్లట్ పెర్కిన్స్ గిల్మన్ అచ్చంగా ఆడవాళ్ళే ఉండే దేశాన్ని ఊహించి హెర్‌లాండ్ రాసినది 1915లో. మన ఆడుమళయాళం వీటన్నిటికన్నా ముందే పుట్టింది. కాకపోతే తెలుగులో పుట్టింది కాబట్టి తెలుగువాళ్ళమే మరిచిపోయాం.

ఒక తేడా మాత్రం చెప్పుకోవాలి. రుకియాగారి దేశం సుఖంగా ఉంటుంది. అది ఒక స్త్రీ కన్న కల. పంతులుగారి దేశం కల కాదు, అద్దం. స్త్రీలు రాజ్యమేలితే బాగుంటుందని ఆయన చెప్పలేదు. ఎవరు ఎవరిని అణిచినా ఆ లోకం ఇంత వికారంగానే ఉంటుందని చూపించారు.

బోధ వేరు, నవల వేరు

పంతులుగారిని దేవుణ్ణి చేసి పూజించనక్కర్లేదు. ఆయనకీ హద్దులున్నాయి. స్త్రీల కోసం 1883లో సతీహితబోధిని అనే పత్రిక పెట్టారు. సత్యవతీ చరిత్రము రాశారు. వాటిలో కనిపించే ఆదర్శ స్త్రీ చదువుకున్నదే. కానీ ఆ చదువు దేనికి? ఇల్లు చక్కగా దిద్దుకోవడానికి, భర్తకి తగిన ఇల్లాలు కావడానికి. భోగం మేళాల మీద ఆయన పెద్ద పోరాటమే చేశారు. కానీ ఆ స్త్రీల బతుకుతెరువు ఏమవుతుందన్న ఆలోచన అందులో తక్కువేనని ఈ కాలపు పరిశోధకులు అంటున్నారు. అది నిజమే.

నాకు ఆశ్చర్యం వేసేది ఇక్కడే. ఉపదేశం చేసేటప్పుడు పంతులుగారు ఒక మెట్టు దగ్గర ఆగిపోయారు. నవల రాసేటప్పుడు ఆ మెట్టు దాటేశారు. భార్య ఒదిగి ఉండాలని ఒక పుస్తకంలో చెప్పిన మనిషే, ఆ ఒద్దిక దేవుడిచ్చింది కాదని, అధికారం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు రాసుకున్న రాత అని ఇంకో పుస్తకంలో బట్టబయలు చేశారు. శాస్త్రాలని కూడా గెలిచినవాళ్ళే రాసుకుంటారని ఆడుమళయాళం చెప్పకనే చెబుతుంది. వాదనలో ధైర్యం చాలని చోట కథ ధైర్యం చేసింది.

మా ప్రాంతానికి ఏ సంబంధం?

గోదావరి ఒడ్డు సంగతి సరే, మా నల్గొండ, పాలమూరు మెట్టనేలలకి ఈ పెద్దమనిషితో ఏం సంబంధం అని అడగొచ్చు. సంబంధం ఉంది. అదీ ఒక ఆడపడుచు ద్వారా.

కొమర్రాజు లక్ష్మణరావుగారి పేరు మీరు వినే ఉంటారు. ఆయన చిన్నప్పటి చదువు భువనగిరిలో సాగింది. తర్వాత మునగాల సంస్థానానికి దివాన్‌గా పనిచేశారు. నిజాం రాజ్యం మధ్యలో కృష్ణా జిల్లాకి చెందిన ముక్కగా ఉండే ఆ మునగాల 1959లో నల్గొండ జిల్లాలో కలిసింది, ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉంది. ఆయన అక్కగారే 1874లో పుట్టిన భండారు అచ్చమాంబ. బడికి వెళ్ళే యోగం లేక, తమ్ముడు చదువుకుంటుంటే పక్కన కూర్చుని చదువు నేర్చుకున్నారు. తర్వాత దేశంలోని గొప్ప స్త్రీల జీవితాలన్నీ సేకరించి అబలా సచ్చరిత్ర రత్నమాల రాశారు. స్త్రీలు స్వభావం వల్ల తక్కువవాళ్ళు కారు, అవకాశం లేక వెనకబడ్డారని నిరూపించడమే ఆ పుస్తకం పట్టుదల. 1901లో అది అచ్చులోకి రావడంలో పంతులుగారి చేయి ఉంది. 1905లో, ముప్ఫయ్ ఏళ్ళకే అచ్చమాంబ కన్నుమూశారు. తెలుగులో తొలి కథలు రాసిన రచయిత్రిగా ఇప్పుడు ఆమెకి పేరు వస్తోంది. ఆడుమళయాళంలో మగవాడు నవ్విస్తూ అడిగిన ప్రశ్నకి ఒక స్త్రీ వందల పేజీల్లో ఇచ్చిన జవాబులా కనిపిస్తుంది నాకు ఆ పుస్తకం.

మా వైపు ఇంకో విశేషం ఉంది. శ్రమ చేసి బతికే కులాల్లో భర్త పోయిన స్త్రీ మళ్ళీ పెళ్ళాడటం కొత్తేమీ కాదు. దాన్ని మారుమనువు అంటారు. పంతులుగారు తల పగలగొట్టుకుని సాధించింది ఆ ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్న ఆచారమే. పై కులాలు తమ గొప్పగా చెప్పుకున్న ధర్మమే తమ ఆడపిల్లల్ని కాల్చుకు తింది. ఈ ప్రాంతంలో స్త్రీల చదువు, బాల్యవివాహాల గురించి సభల్లో గట్టిగా మాట్లాడటం కాస్త ఆలస్యంగా మొదలైంది. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన 1930లో జోగిపేటలోనూ, మరో పాలమూరు బిడ్డ బూర్గుల రామకృష్ణారావుగారి అధ్యక్షతన 1931లో మా దేవరకొండలోనూ ఆంధ్ర మహాసభలు జరిగాయి. వాటితోపాటు మహిళా సభలూ జరిగాయి. అప్పటికి పంతులుగారు పోయి పదేళ్ళు దాటింది. ఆయన వేసిన ప్రశ్నలు మాత్రం కొండలెక్కి ఇక్కడి దాకా వచ్చాయి.

చివరి మజిలీ

1890లో పంతులుగారు రాజమండ్రిలో సొంత డబ్బుతో టౌన్‌హాలు కట్టించారు. 1893లో ప్రభుత్వం ఆయనకి రావు బహద్దూర్ బిరుదు ఇచ్చింది. కొంతకాలం మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులుగా ఉన్నారు. 1906లో హితకారిణీ సమాజం స్థాపించి ఆస్తినంతా దానికి ధారపోశారు. వితంతువులకి శరణాలయం నడిపారు. కవుల చరిత్రలు రాశారు, స్వీయచరిత్ర రాశారు.

1910లో రాజ్యలక్ష్మమ్మగారు వెళ్ళిపోయారు. బాపమ్మగా వచ్చి, ఊరంతా వెలివేసిన ఇంటిని నలభై మంది పెళ్ళికూతుళ్ళకి పుట్టిల్లుగా మార్చిన తల్లి ఆమె. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు ఆయన ఒంటరిగానే బతికారు. 1919 మే 27న మద్రాసులో కన్నుమూశారు. ఎక్కడో తెలుసా? కొమర్రాజు లక్ష్మణరావుగారి ఇల్లు వేదవిలాస్‌లో. అచ్చమాంబ తమ్ముడి ఇంట్లో!

ఆయన పుట్టిన ఇల్లు ఇప్పుడు రాజమండ్రిలో స్మారక మందిరంగా ఉంది. ఆ ఊరు వెళ్ళినవాళ్ళు తప్పక చూసి రావాలి. అంతకన్నా ముందు, మీ ఊరి గ్రంథాలయంలో సత్యరాజా పూర్వదేశ యాత్రలు ఉందేమో అడగండి. భాష పాతది, గ్రాంథికం, మొదటి పది పేజీలు కాస్త ఓపిక పట్టాలి. తర్వాత నవ్వే మిమ్మల్ని లాక్కుపోతుంది.

చదివాక ఊరుకోవద్దు. ఇంట్లో అబ్బాయికి ఒక రూలు, అమ్మాయికి ఒక రూలు పెట్టేటప్పుడు ఆ రెండు రూళ్ళనీ ఒకసారి తారుమారు చేసి చూడండి. అబ్బాయిని చీకటి పడకముందే ఇంటికి రమ్మని, అన్నం తిన్న కంచం కడగమని, పెళ్ళయ్యాక ఉద్యోగం మానేస్తావా అని అడిగి చూడండి. అడిగిన మాట మీ చెవికే వింతగా వినిపిస్తే, అమ్మాయిని రోజూ అడుగుతున్నదీ ఆ మాటేనని గుర్తుంచుకోండి. ఆ వింతని 1891లోనే పట్టుకున్నారు పంతులుగారు. దాన్ని పోగొట్టే పని మాత్రం మన ఇళ్ళలో ఇంకా మిగిలే ఉంది.